పద్నాలుగో అధికరణం

(ఒక మహిళా డిగ్రీ కళాశాల మహిళా దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న ప్రిన్సిపాల్ మేడమ్ గారికి, నాతో పనిచేసిన లెక్చరర్లకు, అమ్మాయిలందరికీ నమస్కారం. శాలువా ముందే కప్పేశారు కాబట్టి ఇక నేనేం మాట్లాడినా వెనక్కి తీసుకోలేరు. ‘మహిళలు - ఉద్యోగావకాశాలు’ మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను ఒక్క ఉద్యోగిని గురించే చెబుతాను. అరుంధతీ ఘోష్. పేరు విన్నవాళ్లు చేతులెత్తండి. ఇద్దరు... ముగ్గురు. సరే, సీటీబీటీ అంటే తెలిసినవాళ్లు? అదిగో, హాలు సగం లేచింది. గ్రూప్స్ కోచింగ్ పుణ్యం. తెలియనివాళ్లకి: అణుపరీక్షలన్నిటినీ నిషేధించే ఒప్పందం అది.

నా గొడవంతా ఇక్కడే ఉంది. రిటైరయ్యే ముందు ఒక వాల్యుయేషన్ క్యాంపుకి వెళ్లాను. ‘సీటీబీటీపై భారత్ ఎందుకు సంతకం చేయలేదు?’ అని ప్రశ్న. కట్ట విప్పితే ప్రతి పేపర్లోనూ అదే వాక్యం: ‘బాంబు తయారు చేసుకోవాలనుకుంది కనుక.’ ఏదో గైడులోది, అక్షరం పొల్లు పోలేదు. ఇది సగం జవాబేనండీ అంటే, “కీలో అదే ఉంది మేడమ్, వేసేయండి, టీ వచ్చింది” అన్నారు. ఆ మిగిలిన సగం ఎవరికీ అక్కర్లేదు. అది ఇవాళ మీకు చెప్పకుండా ఈ మైకు వదలను.

అరుంధతీ ఘోష్ 1963లో విదేశాంగ సేవలో చేరారు. దక్షిణ కొరియాలో, ఈజిప్టులో రాయబారిగా పనిచేశారు. 1995లో జెనీవాకి మన శాశ్వత ప్రతినిధిగా వెళ్లారు. అక్కడ నిరాయుధీకరణ సదస్సు జరుగుతుంది. హాలు గోడలనిండా, పైకప్పు మీదా స్పెయిన్ చిత్రకారుడు సెర్ట్ వేసిన పెద్దపెద్ద బొమ్మలు, బంగారు రంగులో మెరుస్తుంటాయి. ఆ బొమ్మల కింద దేశాలన్నీ కూర్చుని కామాల గురించి పోట్లాడుకుంటాయి. అందరూ ఒప్పుకుంటేనే ఏ ఒప్పందమైనా ముందుకు కదులుతుంది. ఒక్కరు అడ్డు చెబితే చాలు, ఆగిపోతుంది.

అణుపరీక్షలు ఆపమని మొట్టమొదట అడిగిన దేశాల్లో మనదొకటి. 1954 మార్చిలో బికినీ దీవిలో అమెరికా హైడ్రోజన్ బాంబు పేల్చి, జపాన్ జాలర్ల మీద బూడిద కురిపించాక, ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో ఆ మాట అన్నారు. 1993లో అమెరికాతో కలిసి ఐక్యరాజ్యసమితిలో తీర్మానం పెట్టిందీ మనమే. ఇంత అడిగినవాళ్లం, తీరా సీటీబీటీ కాగితం జెనీవా సదస్సు ముందుకు వచ్చాక ఎందుకు వద్దన్నాం?

కాగితంలో పేలుళ్లు ఆపమని ఉంది. అణ్వాయుధాలు ఎప్పటికి పోతాయో మాత్రం లేదు. వేలకొద్దీ బాంబులున్నవాళ్లు ప్రయోగశాలల్లో వాటికి మెరుగులు దిద్దుకోవచ్చు. 1996 జూన్ 20న ఆవిడ లేచి, ఈ రూపంలో దీనికి మేం ఒప్పుకోం అని చెప్పారు. ఎవరైనా దొంగచాటుగా పరీక్ష చేస్తే పసిగట్టే పర్యవేక్షణకు ఇస్తామన్న మన కేంద్రాలను కూడా వెనక్కి తీసుకున్నాం. మీ దారి మీది, మా దారి మాది అన్నట్టు.

అక్కడితో అయిపోవాలి కదా? కాలేదు. వారం తిరిగేసరికి కొత్త ముసాయిదా వచ్చింది. పద్నాలుగో అధికరణం. రాసుకోండమ్మా, పెన్నులున్నాయిగా. జాబితాలో ఉన్న 44 దేశాలూ ఆమోదిస్తేనే ఒప్పందం అమల్లోకి వస్తుందట. ఆ 44లో మన పేరు! బ్రిటన్, రష్యా, చైనా పట్టుబట్టి పెట్టించిన షరతు అది. ఊళ్లో పెద్దమనుషులు ఒక కాగితం రాసి, నాకు వద్దు మొర్రో అంటున్నవాడి వేలిముద్ర పడితేనే ఇది చెల్లుతుందని రాస్తే, ఆ తర్వాత ఊరంతా ఎవరి ఇంటి మీద పడుతుంది? 1969 నాటి వియన్నా ఒడంబడిక ప్రకారం, ఒప్పుకోని దేశానికి ఏ ఒప్పందమూ బాధ్యతలు అంటగట్టకూడదు. న్యాయం అంత సూటిగా ఉంది.

ఆగస్టులో జెనీవాలో మనం అడ్డుపడ్డాం. ఆస్ట్రేలియా దాన్ని న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభకి తీసుకెళ్లింది. సెప్టెంబర్ 10న ఓటింగ్: అనుకూలం 158, వ్యతిరేకం 3. మన పక్కన నిలిచినవి భూటాన్, లిబియా. ‘ఇప్పుడూ కాదు, తర్వాతా కాదు’ అన్న ఆవిడ మాట ఆ రోజుల్లోదే.

చప్పట్లు... ఆగండి, ఆగండి. అక్కడ కొట్టకండి. మీరు బాంబుకి కొడుతున్నారని నా అనుమానం. నాకు బాంబంటే గిట్టదు, 1998లో పోఖ్రాన్ పేలుళ్లప్పుడు మిఠాయిలు పంచితే నేను తీసుకోలేదు. ఆ గైడు వాక్యం పూర్తిగా అబద్ధమని కూడా అనను. 1995 డిసెంబర్లో మన పీవీ గారి ప్రభుత్వం పరీక్షకు ఏర్పాట్లు చేస్తోందని అమెరికా ఉపగ్రహాలు పసిగట్టిన సంగతి పేపర్లలోనే వచ్చింది. ఢిల్లీలో ఆ ఆలోచన ఉంది. అయినా ఒక సంగతి చూడండి. అదే 1996 సెప్టెంబర్ 3న, న్యూయార్క్ ఓటింగ్‌కి వారం ముందు, మన దేశం రసాయనిక ఆయుధాల నిషేధ ఒప్పందాన్ని ఆమోదించింది. తర్వాత మన దగ్గరున్న నిల్వలు బయటపెట్టి, 2009కల్లా మొత్తం నాశనం చేసింది. ఎందుకంటే అందులో పెద్దవాడికీ చిన్నవాడికీ ఒకటే రూలు. ఉన్నవాళ్లందరూ వదులుకోవాలి. ఒక చేత్తో సరేనని, ఇంకో చేత్తో వద్దన్న దేశం గురించి ‘బాంబు కావాలి కనుక’ అని ఒక్క ముక్క రాస్తే ఎట్లా? దానికి పూర్తి మార్కులా?

ప్రిన్సిపాల్ మేడమ్ వాచీ చూస్తున్నారు. అయిపోవచ్చింది మేడమ్.

ఆ 44లో మనం, పాకిస్తాన్, ఉత్తర కొరియా సంతకమే పెట్టలేదు. అమెరికా, చైనా సంతకం పెట్టి ఆమోదించలేదు. రష్యా 2000లో ఆమోదించి 2023లో వెనక్కి తీసుకుంది. షరతు పెట్టించిన ముగ్గురిలో ఇవాళ లోపల మిగిలింది బ్రిటన్ ఒక్కటే. ఒప్పందం ఇప్పటికీ అమల్లోకి రాలేదు. ఆవిడ 2016లో చనిపోయారు.

విదేశాంగ సేవకి రాయాలనుకునేవాళ్లు ఉంటే ఒక్క పని చేయండి. గైడు పక్కన పెట్టి, ఆ పద్నాలుగో అధికరణం తెచ్చుకుని చదవండి. పట్టుమని రెండు పేజీలుండదు. చదివాక నాతో పోట్లాటకి రండి, ‘మనం సంతకం పెట్టి ఉండాల్సింది టీచర్’ అనైనా సరే, వింటాను. బస్సుకి టైమయినవాళ్లు వెళ్లొచ్చు, ప్రశ్నలున్నవాళ్లు ముందు వరసలోకి రండి.