ఆగస్టు 16, మెంఫిస్‌లో మేము

నమస్తే అండీ. నిన్న పొద్దున ఇక్కడ అమెరికాలో, మా మెంఫిస్‌లోని మనవాళ్ళందరం కలిసి జెండా వందనం చేసి, పులిహోర తిని ఇంటికొచ్చాం. కాసేపు నడుం వాల్చి, చీకటి పడే వేళకి మళ్ళీ బయల్దేరాం. ఎక్కడికంటే, రాక్ అండ్ రోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ ఇంటికి.

1977 ఆగస్టు 16న ఆయన గ్రేస్‌ల్యాండ్ అనే ఈ ఇంట్లోనే చనిపోయారు. అప్పటికి 42 ఏళ్ళే. అందుకే ఏటా 15వ తేదీ రాత్రి అభిమానులు కొవ్వొత్తులతో ఇక్కడికొస్తారు. గేటు దగ్గర వెలిగించుకుని, వరుసగా పైకి నడిచి, సమాధి చూసి దిగుతారు. తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్య గారు ఆ జనాన్ని చూసి, "ఇంతమందీ ఈయన చుట్టాలేనా అమ్మాయ్?" అన్నారు. మడత కుర్చీలేసుకుని పొద్దుటి నుంచీ కూర్చున్నవాళ్ళున్నారు మరి.

గాలి లేదు, ఒకటే ఉక్క. మైనం కారి చేతి మీద పడకుండా కొవ్వొత్తికి కింద ఒక అట్టముక్క. నా ముందు నడుస్తున్న పెద్దావిడ ఆరిపోయినప్పుడల్లా పక్కవాళ్ళ దగ్గర అంటించుకుంటోంది. పైన తోటలో ఎల్విస్, అమ్మ, నాన్న, నాయనమ్మ, అందరూ ఒకేచోట. అక్కడ మాత్రం కెమెరా ఆపేశాను. ఆ పెద్దావిడ నిలబడి ఏడుస్తుంటే తీయబుద్ధి కాలేదు. అత్తయ్య ఆవిడ భుజం మీద చెయ్యి వేశారు. ఒకరి భాష ఒకరికి రాదు.

ఈ తేదీ నా మనసులో పడింది మాత్రం ఎల్విస్ వల్ల కాదండీ. 2018 ఆగస్టు 16న నిద్ర లేచేసరికి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు నిండా వాజ్‌పేయి గారు పోయారన్న మెసేజ్‌లే. ఆ బాధలోనే ఆఫీసుకి వెళ్తే, అక్కడ అందరి కళ్ళల్లో నీళ్ళు. డెట్రాయిట్‌లో గాయని అరీతా ఫ్రాంక్లిన్ పోయారట. 76 ఏళ్ళు. ఆవిడ పుట్టింది మెంఫిస్‌లోనే, 1942లో. మా టీమ్‌లో ఒకావిడ సీట్లో కూర్చునే 'రెస్పెక్ట్' పాట మెల్లగా అందుకుంది. ఒకరొకరుగా మిగతావాళ్ళు కలిశారు. ఆ పాట రాసి ముందుగా పాడింది ఓటిస్ రెడ్డింగ్ అనే గాయకుడు. 1967లో అరీతా పాడాక అది ఆడవాళ్ళ పాటైపోయింది.

అందుకే ఈరోజు పొద్దున్నే లూసీ అవెన్యూకి వెళ్ళాం. ఆవిడ పుట్టిన ఇల్లు అక్కడే. చాలా చిన్న చెక్క ఇల్లు. గ్రేస్‌ల్యాండ్ చూసిన కళ్ళతో ఇది చూస్తే గుండె కలుక్కుమంటుంది. ఇక్కడా నాలుగు కొవ్వొత్తులు వెలగాలి అనిపించింది నాకు.

ఇదే తేదీన 1958లో పాప్ గాయని మడోన్నా పుట్టింది, 1962లో బీటిల్స్ బ్యాండ్ వాళ్ళు తమ డ్రమ్మర్ పీట్ బెస్ట్‌ని తీసేశారు. అవీ పెద్ద విషయాలే. కానీ ఈ ఊళ్ళో ఉంటున్నదాన్ని, నాకు దగ్గరైన మూడో పేరు వేరే ఉంది: రాబర్ట్ జాన్సన్. 1938 ఆగస్టు 16న మిసిసిపీ రాష్ట్రంలోని గ్రీన్‌వుడ్ దగ్గర 27 ఏళ్ళకే పోయిన బ్లూస్ (అమెరికా నల్లజాతి వాళ్ళ సంగీతం) గాయకుడు. రికార్డు చేసినవి 29 పాటలే. ఒక్క గిటారే, కానీ ఇద్దరు వాయిస్తున్నట్టు ఉంటుంది. మావాడు గిటార్ క్లాసులో చేరాక మాకు ఈయన గురించి తెలిసింది.

చూడండి, ఎల్విస్ పుట్టింది మిసిసిపీలోని టుపెలోలో. అరీతా వాళ్ళ నాన్నగారిదీ మిసిసిపీయే. ఎల్విస్ మొదటి రికార్డు 1954లో వచ్చింది. అందులోని ఒక పాట అంతకుముందే ఆర్థర్ క్రూడప్ అనే మిసిసిపీ నల్లజాతి గాయకుడు రాసి పాడింది. ఎల్విస్, అరీతా, జాన్సన్, ముగ్గురి వేళ్ళూ ఒకే మట్టిలో ఉన్నాయి. పోయింది కూడా ఒకే తేదీన. అలాంటప్పుడు కొవ్వొత్తులన్నీ ఒక్క గేటు దగ్గరే వెలగడం నాకు న్యాయంగా అనిపించదు.

సరే, జాన్సన్ సమాధి కోసం మెంఫిస్ నుంచి దక్షిణానికి రెండు గంటలకి పైగా డ్రైవ్. రోడ్డుకి అటూ ఇటూ పొలాలే. జాన్సన్ సమాధి ఇదేనంటూ మూడు చోట్ల రాళ్ళున్నాయి. మేము వెళ్ళింది లిటిల్ జయన్ చర్చికి. పెద్ద పెకాన్ చెట్టు కింద ఉంది రాయి. మేము తప్ప ఎవ్వరూ లేరు. రాయి మీద ఎవరెవరో వదిలి వెళ్ళిన చిల్లర నాణేలు, గిటార్ తీగలు మీటే చిన్న బిళ్ళలు, అంటే పిక్‌లు. అత్తయ్య చెప్పులు విడిచి, సీసాలోని నీళ్ళతో రాయి మీది దుమ్ము కడిగారు.

మావాడు జేబు తడుముకున్నాడు. వాడి దగ్గర ఉన్నది ఒక్కటే పిక్, అంచులు అరిగిపోయింది. అదే పెట్టేశాడు.