స్వాంప్ ర్యాట్ 13, స్వాంప్ ర్యాట్ 14: టేబుల్ మీద రెండు డ్రాగ్‌స్టర్లు

హోస్ట్: రికార్డింగ్ ఆన్ అయింది అన్నా. ఆ గమ్ సీసాకి మూత పెట్టేయండి, వాసనకి తల తిరుగుతోంది.

అతిథి: పెట్టేశాను, కిటికీ కూడా తీశాను. కానివ్వు తమ్ముడూ.

హోస్ట్: అందరికీ నమస్తే. ఈసారి స్టూడియోలో కాదు, అన్న మోడల్స్ చేసుకునే గదిలోనే కూర్చున్నాం. అన్న చాలా ఏళ్లు ఫ్లోరిడాలో ఇంజినీరుగా పనిచేసి హైదరాబాద్ వచ్చేశారు. అందరూ అక్కణ్నుంచి చాక్లెట్లు తెస్తే ఈయన డ్రాగ్ రేసింగ్ పిచ్చి తెచ్చుకున్నారు. ఎదురుగా రెండు సన్నటి, పొడుగాటి కార్లున్నాయి. అసలు సైజులో 25వ వంతు. ఇవి ఏ కార్లో మీరే చెప్పండి.

అతిథి: ఎడమ వైపుది స్వాంప్ ర్యాట్ 13, కుడి వైపుది 14. రెండూ డాన్ గార్లిట్స్‌వి. ఫ్లోరిడా మనిషి, అక్కడ ఆయన్ని బిగ్ డాడీ అంటారు. తన కార్లన్నిటికీ స్వాంప్ ర్యాట్ అనే పేరే పెట్టి నంబరు మార్చుకుంటూ పోయాడు. ఈ రెండింటికీ మధ్య తేడా ఒక్క నంబరే, కానీ డ్రాగ్ రేసింగ్ చరిత్ర ఆ మధ్యలోనే మలుపు తిరిగింది.

హోస్ట్: డ్రాగ్ రేసింగ్ అసలు తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్కలో...

అతిథి: తిన్నటి దారి, పక్కపక్కన రెండు కార్లు, ఆకుపచ్చ లైటు పడగానే దూకుతాయి. పావు మైలు, అంటే సుమారు 402 మీటర్లు. ఎవరు ముందు గీత దాటితే వాళ్లే. మలుపుల్లేవు, ల్యాపుల్లేవు. ఇంతేనా అనిపిస్తుంది. ఆ ఇంతేలోనే ఉంది తంతంతా.

హోస్ట్: సరే, 13 దగ్గరికి రండి. ఇంజిన్ ముందుంది, డ్రైవర్ మరీ తోక చివర కూర్చున్నాడేంటి?

అతిథి: వెనక చక్రాల ఇరుసుకి కూడా వెనకాల. దాన్ని స్లింగ్‌షాట్ అంటారు, ఉండేలు రబ్బరు చివర రాయిలా కూర్చుంటాడు కాబట్టి. 1950ల నుంచీ దాదాపు అందరూ ఇలాగే కట్టారు, దానికి లెక్క ఉంది. బరువంతా వెనక చక్రాల మీద పడితే టైరు పట్టు దొరుకుతుంది. పైగా బండి మొత్తం కళ్ల ముందే ఉంటుంది కాబట్టి ముక్కు ఏ కాస్త పక్కకి తిరిగినా వెంటనే తెలిసిపోతుంది. చిక్కల్లా ఏంటంటే ఇంజిన్ పేలినా, నూనె చిమ్మినా, మంట లేచినా గాలివాటున అంతా వచ్చేది డ్రైవర్ ముఖం మీదకే. ఇంకో చిక్కు ఇదిగో, ఇక్కడ చూడు, ఈ రెండు కాళ్ల మధ్య.

హోస్ట్: ఈ చిన్న డబ్బా?

అతిథి: రెండు గేర్ల ట్రాన్స్‌మిషన్. 1970 మార్చి 8, లాస్ ఏంజెలెస్ దగ్గర లయన్స్ డ్రాగ్ స్ట్రిప్. స్టార్ట్ తీసుకున్న క్షణంలో ఇది పేలింది. కారు రెండు ముక్కలైంది. గార్లిట్స్ కుడి పాదంలో కొంత భాగం తెగిపోయింది. నేను ఈ డబ్బాని అతికించేటప్పుడు బొమ్మ కాళ్లని సరిగ్గా కుదర్చాలని చూస్తే అసలు చోటే లేదు. కాళ్లు దాన్ని ఆనుకునే ఉండాలి. పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివినా ఆ ఇరుకు అర్థం కాలేదు, చేత్తో కూర్చితే అర్థమైంది.

హోస్ట్: అంత జరిగాక మళ్లీ రేసింగ్ ఎక్కాడా!

అతిథి: ఎక్కడమేంటి, ఆస్పత్రి మంచం మీదే కొత్త కారు ఆలోచన మొదలుపెట్టాడు. ఇంజిన్ వెనక్కి పోవాలి, తను ముందు కూర్చోవాలి. ఇంజిన్ వెనక పెట్టడం కొత్త ఐడియా ఏం కాదు, అంతకు ముందు కూడా ప్రయత్నించారు. ఆ కార్లు తిన్నగా పోయేవి కావు. గార్లిట్స్‌కీ అదే తలనొప్పి వచ్చింది. డ్రైవర్ ముందు కూర్చుంటే వెనక భాగం జారుతున్న సంగతి ఆలస్యంగా తెలుస్తుంది, కంగారులో స్టీరింగ్ ఎక్కువ తిప్పుతాడు, బండి ఇటూ అటూ కొట్టుకుంటుంది. మందు ఏంటో తెలుసా? స్టీరింగ్‌ని నెమ్మది చేశారు. అంటే చెయ్యి ఎక్కువ తిప్పితేనే చక్రం కొంచెం తిరిగేలా నిష్పత్తి మార్చారు.

హోస్ట్: అంతేనా?

అతిథి: అంతే. 1971లో కాలిఫోర్నియాలోని పొమోనాలో జరిగిన వింటర్‌నేషనల్స్ పోటీల్లో టాప్ ఫ్యూయల్, అంటే అన్నిటికన్నా వేగంగా పోయే కార్ల విభాగం, గెలిచేశాడు, ఈ 14తోనే. రెండు మూడేళ్లు తిరిగేసరికి స్లింగ్‌షాట్లు దాదాపు మాయం. ఇప్పటికీ టాప్ ఫ్యూయల్ కారంటే ఇంజిన్ వెనకే. ఒకాలాలో గార్లిట్స్ మ్యూజియం ఉంది, ఫ్లోరిడా వెళ్లేవాళ్లు డిస్నీలో ఒక రోజు తగ్గించుకుని అది చూసి రండి. పిల్లలు తిట్టుకుంటే నా పేరు చెప్పండి. (నవ్వు)

హోస్ట్: ఇప్పటి టాప్ ఫ్యూయల్ గురించి చెప్పండి. 11 వేల హార్స్‌పవర్ అంటారు, నిజమేనా?

అతిథి: ఆ పైనే అంటారు. 500 క్యూబిక్ అంగుళాల వి8, ఎనిమిది సిలిండర్లది, అంటే 8.2 లీటర్లు. మూలం క్రైస్లర్ కంపెనీ 426 హెమీ డిజైనే, సిలిండర్ పైకప్పు అర్ధగోళంలా ఉంటుంది కాబట్టి హెమీ అంటారు. రహస్యం ఇంధనంలో ఉంది. నైట్రోమీథేన్ 90 శాతం, మిగతాది మిథనాల్.

హోస్ట్: నైట్రోలో పెట్రోల్ కన్నా శక్తి ఎక్కువా?

అతిథి: అందరూ అలాగే అనుకుంటారు, కానీ తిరగబడి ఉంటుంది. కిలోకి కిలో తూస్తే నైట్రోలో ఉన్న శక్తి పెట్రోల్‌లో పావు వంతే. కిటుకు ఆక్సిజన్‌లో ఉంది. నైట్రో అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది. కిలో పెట్రోల్ కాలాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి, కిలో నైట్రోకి 1.7 కిలోలు చాలు. అంటే సిలిండర్లో పట్టే అదే గాలితో ఎనిమిదింతలకు పైగా ఇంధనం కాల్చొచ్చు. ఒక్కోటి పావు వంతే ఇచ్చినా, ఎనిమిదింతలు పోశావు కాబట్టి మొత్తం మీద రెండింతలకు మించి వస్తుంది. దాని పైన సూపర్‌చార్జర్ ఇంకా గాలి కుక్కుతుంది. ఒక్క రన్‌కి, దాని ముందు టైర్లు గిర్రున తిప్పి వేడెక్కించే బర్నౌట్‌తో కలిపి, సుమారు 50 లీటర్లు, అంతకన్నా ఎక్కువ కూడా తాగేస్తుంది.

హోస్ట్: మూడు నాలుగు సెకన్ల రేసుకి 50 లీటర్లా! మా నాన్న వింటే కారు తాళాలు లాక్కుంటారు.

అతిథి: (నవ్వు) ఇంకో సంగతి. ఆ ఇంజిన్లో రేడియేటర్ లేదు, బ్లాకులో నీళ్ల దారులే లేవు. లోపలికి పోసే ఇంధనమే చల్లబరుస్తుంది. రన్ మధ్యకి వచ్చేసరికి స్పార్క్ ప్లగ్గుల ఎలక్ట్రోడ్లు కాలిపోతాయి, అక్కణ్నుంచి ఇంజిన్ తన వేడికీ ఒత్తిడికీ డీజిల్ బండిలా మండుకుంటూ పోతుంది. ఆపాలంటే ఇంధనం కట్ చేయాల్సిందే. రన్ అయ్యాక ఇంజిన్ మొత్తం విప్పి, గంట తిరక్కుండా మళ్లీ బిగిస్తారు. చూడాల్సింది రేసు కాదు తమ్ముడూ, ఇంజిన్ విప్పి బిగించే ఆ పిట్ చూడాలి.

హోస్ట్: గేర్‌బాక్స్ కూడా లేదన్నారు మొన్న.

అతిథి: గేర్లు మార్చేది లేదు. క్లచ్చే అన్నీ. థ్రాటిల్ మొదటి క్షణమే పూర్తిగా తెరుచుకుంటుంది, ఆ శక్తంతా ఒక్కసారిగా టైరుకి ఇస్తే గిర్రున తిరిగి పొగ వస్తుంది తప్ప కారు కదలదు. అందుకని క్లచ్ ముందు జారుతూ, ముందే పెట్టిన టైమర్ల ప్రకారం మెల్లమెల్లగా బిగుసుకుంటుంది. సెన్సర్ చూసి కంప్యూటర్ సర్దుబాటు చేయడం రూల్స్ ఒప్పుకోవు. ట్రాక్ ఎంత వేడిగా ఉందో, జిగురు ఎంతో చూసి టైమర్ ఎంత పెట్టాలో క్రూ చీఫే తేల్చుకోవాలి. అది తప్పితే రేసు తప్పినట్టే. 

హోస్ట్: దూరం కూడా తగ్గించారు కదా?

అతిథి: 2008 జూన్‌లో న్యూజెర్సీలోని ఇంగ్లిష్‌టౌన్ ట్రాక్ మీద డ్రైవర్ స్కాట్ కలిట్టా చనిపోయాక నైట్రో కార్లకి పావు మైలు తీసేసి వెయ్యి అడుగులు చేశారు. ఆగడానికి ఎక్కువ చోటు ఉండాలని. తగ్గించాక కూడా గంటకి 530 కిలోమీటర్లు దాటుతున్నారు.

హోస్ట్: ఇక మోడల్‌కి వద్దాం. నాకు నచ్చింది ఈ తీగలు. 13 ఇంజిన్ మీద వెంట్రుకల్లా ఉన్నాయి.

అతిథి: ప్లగ్ తీగలు. అసలు తీగ 8 మిల్లీమీటర్లు అనుకో, 25తో భాగిస్తే 0.32. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే సన్న ఇన్సులేటెడ్ తీగల్లో 0.3 దగ్గరది ఏరుకుంటాను. ప్లగ్గులకి కరెంటు అందించే మ్యాగ్నెటో మూత మీద చేత్తో తిప్పే డ్రిల్‌తో ఎనిమిది రంధ్రాలు, మధ్యలో ఖాళీ గోటి మందం కూడా ఉండదు. హెమీలో ప్లగ్ వాల్వ్ కవర్ మధ్యలోంచి దిగుతుంది, కాబట్టి ఒక్కో కవర్‌కి నాలుగు రంధ్రాలు. కవర్ పక్కన అతికించారంటే ఆ మనిషి ఫొటో చూడలేదని అర్థం.

హోస్ట్: ఏ తీగ ఎక్కడికో కూడా సరిగ్గా పెట్టారా?

అతిథి: పెట్టకుండా ఎలా! 426 హెమీ ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరుస, 1-8-4-3-6-5-7-2. మ్యాగ్నెటో చుట్టూ ఆ వరుసలోనే పోవాలి. ఎవరూ లెక్కపెట్టరు, నాకు తెలుసు. ఇంకో సంగతి, 426లో మ్యాగ్నెటో ఇంజిన్ ముందు వైపు ఉంటుంది. పాత 392 హెమీలో వెనక. కిట్ డబ్బాలో ఇంజిన్ మార్చి కట్టేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. ఇప్పటి టాప్ ఫ్యూయల్ చేస్తే రెండు మ్యాగ్నెటోలు, సిలిండర్‌కి రెండు ప్లగ్గులు, మొత్తం పదహారు తీగలు. ఆ కారు వీల్‌బేస్, అంటే ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం, 300 అంగుళాలు, 25తో భాగిస్తే సరిగ్గా అడుగు. షెల్ఫ్ ముందే కొలుచుకో.

హోస్ట్: కిట్‌లో వచ్చే క్రోమ్ భాగాలు ఇంత మెరవవే?

అతిథి: కిట్ క్రోమ్ నాకు పడదు. కత్తిరించిన చోట తెల్లటి మచ్చ, మధ్యలో అచ్చు గీత. మామూలు ఇంటి బ్లీచ్‌లో నానబెడితే క్రోమ్ మొత్తం ఊడిపోతుంది. గీతలు గీకి, నిగనిగలాడే నలుపు వేసి, దాని మీద మెటల్ కలర్ లాకర్, అదే త్వరగా ఆరే మెరుపు రంగు, పలచగా కొడతాను. వానాకాలంలో మాత్రం కొట్టను, గాలిలో తేమకి లాకర్ తెల్లగా పాలిపోతుంది. ఎగ్జాస్ట్ గొట్టాల చివర్లు డ్రిల్ చేసి గుల్ల చేయాలి, మూసుకుపోయిన గొట్టం కనిపిస్తే మిగతా పనితనమంతా వృథా. సన్న గొట్టాలు కావాలంటే మెడికల్ షాపులో సిరంజి సూదులు కొనుక్కో, మొన అరగదీసి వాడు. షాపతను అనుమానంగా చూస్తాడు, చూడనీ.

హోస్ట్: బయట తయారైన డీటెయిల్ సెట్లు దొరుకుతాయి కదా, కొనేస్తే పోలా?

అతిథి: కొనొచ్చు, బెల్టు బకిల్స్ లాంటివి నేనూ కొంటాను. అన్నీ కొని అతికిస్తే మాత్రం అది షాపింగ్, మోడలింగ్ కాదు. కోప్పడేవాళ్లు కోప్పడనీ.

హోస్ట్: ఒక శ్రోత వాయిస్ మెసేజ్ పంపారు. మొదటిసారి కట్టేవాళ్లు దేంతో మొదలుపెట్టాలి అని.

అతిథి: పదహారు తీగల కారు జోలికి పోవద్దు. 60లు, 70ల నాటి డ్రాగ్‌స్టర్ ఏదైనా 25వ వంతు సైజుది తీసుకోండి. రెవెల్, ఏఎంటీ, ఎంపీసీ కంపెనీలు పాత అచ్చులు మళ్లీ మళ్లీ వేస్తుంటాయి. భాగాలు తక్కువే, కానీ ఫ్రేమ్ దగ్గర తల ప్రాణం తోకకొస్తుంది. సన్నటి ప్లాస్టిక్ పుల్లలు, డబ్బాలోనే వంకర పోయి ఉంటాయి. వేడి నీళ్లలో ముంచి వేళ్లతో సాపు చేయండి. తర్వాత పాత ఫొటో ఫ్రేమ్ అద్దం ఒకటి తీసుకుని, కారు ఫ్రేమ్‌ని దాని మీద టేపుతో అంటించి, అప్పుడు గమ్ వేయండి. రాత్రంతా కదపొద్దు. పొద్దున టేపు తీసి, చక్రాలు తాత్కాలికంగా తగిలించి, మళ్లీ అదే అద్దం మీద నిలబెట్టండి. నాలుగూ ఆనితేనే రంగు డబ్బా మూత తీయండి. ఒకటి లేచిందంటే ఆ అతుకు విప్పి మళ్లీ వేయడమే, రంగేశాక ఇక చేసేదేమీ ఉండదు.

హోస్ట్: విన్నారుగా. కిట్ కొన్నవాళ్లు అద్దం మీద కారు ఫ్రేమ్ ఫొటో మాకు పంపండి, అన్నకి చూపించి చెప్పిస్తాను.

అతిథి: చక్రాలు తగిలించాక తీసిన ఫొటోనే పంపమను.