పాతకాలపు క్రికెట్ కార్డులు: మన ఊళ్ళలో ఎవరి దగ్గర కొనాలి, ఎవరికి అమ్మాలి?

(ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు శ్రోతల కోసం నిర్వహించిన ఫోన్-ఇన్ కార్యక్రమానికి ఇది లిఖిత రూపం. శ్రోతల కోరిక మేరకు పేర్లు తొలగించి ఊళ్ళ పేర్లు మాత్రమే ఉంచాము.)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఒకప్పుడు సిగరెట్ పెట్టెల్లోనూ బబుల్‌గమ్ పొట్లాల్లోనూ వచ్చిన ఆటగాళ్ళ బొమ్మల కార్డులను కొనాలన్నా, ఇంట్లో ఉన్నవాటిని అమ్మాలన్నా ఏ కొట్టును నమ్మవచ్చునో చెప్పమని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల నుంచి చాలామంది అడుగుతున్నారు. తపాలా బిళ్ళలు, నాణేలు, కార్డులు ఏళ్ళ తరబడి సేకరిస్తున్న పెద్దలొకరు మన ఆహ్వానం మీద స్టూడియోకు వచ్చారు. నమస్కారమండి.

సలహాదారు: నమస్కారం. శ్రోతలకు ముందుగా ఒక విషయం మనవి చేస్తాను. క్రీడా కార్డులు మాత్రమే అమ్మే కొట్టు నాకు తెలిసి మన సరిహద్దు ఊళ్ళలో లేదు. ఇవి తపాలా బిళ్ళలు, నాణేలు అమ్మేవారి దగ్గర, పాత పుస్తకాల కొట్లలో, పాత ఇళ్ళు ఖాళీ చేసినప్పుడు సామాను కొనే వ్యాపారుల దగ్గర అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తాయి. వారిలో చాలామందికి కార్డుల గురించి పెద్దగా తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు, కానీ తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పి ధర కట్టేవారి దగ్గరే మనకు నష్టం జరుగుతుంది.

వ్యాఖ్యాత: మొదటి ఫోను పర్లాకిమిడి నుంచి. చెప్పండి.

శ్రోత (పర్లాకిమిడి): నమస్కారమండి. మా తాతగారి ట్రంకుపెట్టెలో ఒక చిన్న ఆల్బమ్ దొరికింది. అట్ట మీద జాన్ ప్లేయర్ అండ్ సన్స్ పేరు, క్రికెటర్స్ 1938 అన్న మాట, ధర ఒక పెన్నీ అని ఉన్నాయి. లోపల కొన్ని కార్డులు అంటించి ఉన్నాయి, కొన్ని విడిగా ఉన్నాయి. ఇక్కడ ఒక కొట్టాయన కార్డుకు యాభై రూపాయల చొప్పున మొత్తం ఇచ్చేయమన్నారు. ఇంకొకాయన మాత్రం ఇవి లక్షలు పలుకుతాయని, ఆల్బమ్ తన దగ్గర ఉంచి వెళితే పెద్ద నగరంలో చూపించి అమ్మిపెడతానని అంటున్నారు. ఎవరిని నమ్మమంటారు?

సలహాదారు: ఇద్దరిలో నాకు రెండో ఆయన మీదే ఎక్కువ అనుమానంగా ఉందండి. ప్లేయర్స్ కంపెనీ 1938లో విడుదల చేసిన ఆ వరుసలో మొత్తం 50 కార్డులు ఉంటాయి. ఆ ఏడాది ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండులో పర్యటించింది కనుక బ్రాడ్‌మన్ కార్డు కూడా అందులో ఉంటుంది. అయితే ఆ కంపెనీ సిగరెట్లు ఎంత విస్తారంగా అమ్ముడుపోయేవో కార్డులు కూడా అంత విస్తారంగా అచ్చయ్యాయి. జనం వాటిని ఆల్బముల్లో భద్రంగా దాచుకున్నారు కూడా. అందువల్ల ఆ వరుస ఈనాటికీ ఇంగ్లండులో సులభంగా దొరుకుతుంది, లక్షలు పలికే వస్తువు కాదు. 1940లో యుద్ధం వల్ల కాగితానికి కరువు వచ్చి బ్రిటన్‌లో సిగరెట్ కార్డులు ఆగిపోయాయి కనుక అవి అరుదైనవై ఉంటాయని కొందరు చెబుతారు. ఆగిపోయినంత మాత్రాన అంతకు ముందు అచ్చయినవన్నీ అరుదైనవి కావు.

శ్రోత: అయితే యాభై రూపాయలకు ఇచ్చేయమంటారా?

సలహాదారు: తొందరపడవద్దు. ముందు కార్డుల నంబర్లు చూసి 50లో ఎన్ని ఉన్నాయో, ఏవి లేవో ఒక కాగితం మీద రాసుకోండి. బ్రాడ్‌మన్ వంటి పేరున్న ఆటగాళ్ళవి విడిగా ఎక్కువ పలుకుతాయి, కనుక వాటిని మిగిలినవాటితో కలిపి ఒకే ధరకు ఇవ్వకూడదు. ధర తెలుసుకోవడానికి ఇంటర్నెట్టులో అమ్మేవారు అడిగే ధర చూడకండి. ఈబే వంటి అమ్మకాల వెబ్‌సైట్లలో అమ్ముడైపోయినవాటి జాబితా విడిగా కనిపిస్తుంది, అందులోని ధరలే అసలైన ధరలు. అంటించిన కార్డులను నీళ్ళలో నానబెట్టి ఊడదీసే ప్రయత్నం దయచేసి చేయవద్దు. వాటి వెనుక జిగురు కంపెనీవారే పూసి ఇచ్చినది, తడిపితే అచ్చు చెదిరి, కాగితం పొరలు విడిపోతాయి. మరో సంగతి, మన ఊళ్ళలో ఏ విలువైన కాగితం దొరికినా లామినేషన్ చేయించడం అలవాటు. లామినేట్ చేసిన కార్డును సేకరించేవారు ముట్టుకోరు.

రెండో కొట్టాయన గురించి ఒక మాట. వస్తువును కొట్లో ఉంచి వెళ్ళవలసి వస్తే ప్రతి కార్డు ముందు వెనుకల ఫోటో తీసి, నంబర్ల జాబితా రాసి, దాని మీద తేదీతో సహా సంతకం తీసుకోండి. సంతకం ఎందుకండీ, నమ్మకం లేదా అని ఆయన అంటే అక్కడితో మాట ముగించి ఆల్బమ్ ఇంటికి తెచ్చుకోండి.

వ్యాఖ్యాత: రాయగడ నుంచి మరొక శ్రోత ఉన్నారు.

శ్రోత (రాయగడ): సార్, నేను ఉద్యోగంలో చేరి ఏడాది అయింది. సచిన్ టెండూల్కర్‌ది తొంభైలనాటి కార్డు ఒకటి కొనాలని ఉంది. ఒక కొట్లో గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసిన కార్డు చూపించారు. దాని మీద పీ.ఎస్.ఏ. అని, 9 అని ఉంది. పెట్టెలో ఉంటే అసలుదేనని ఆయన అంటున్నారు. నిజమేనా సార్?

సలహాదారు: పూర్తిగా నిజం కాదు బాబూ. పీ.ఎస్.ఏ. అనేది 1991లో అమెరికాలో మొదలైన గ్రేడింగ్ సంస్థ. కార్డు అసలుదో కాదో చూసి, 1 నుంచి 10 వరకు (10 అన్నిటికంటే మేలైనది) స్థాయి నిర్ణయించి, పెట్టెలో సీలు చేసి, ఒక ధ్రువీకరణ నంబరు ఇస్తారు. ఆ నంబరును ఆ సంస్థ వెబ్‌సైటులో నువ్వే నీ ఫోనులో కొట్టి చూడాలి, కొట్టు యజమాని తెరిచి చూపించిన పేజీని లెక్కలోకి తీసుకోవద్దు. నంబరు సరిపోయినంత మాత్రాన కూడా ఆగకూడదు, ఎందుకంటే అసలు కార్డు నంబరునే కాపీ కొట్టి నకిలీ పెట్టె తయారుచేసేవారు ఉన్నారు. వెబ్‌సైటులో ఫోటో ఉంటే దానిలోని మూలలు, అంచుల తెలుపు, చిన్న మచ్చ ఏదైనా ఉంటే అది, నీ ముందున్న కార్డుతో పోల్చి చూడు. పెట్టె అంచులో అతుకు దగ్గర గీతలు, తెల్లబడిన జాడలు ఉంటే దానిని ఎవరో తెరిచి మళ్ళీ అంటించారని అనుమానించాలి.

పెట్టె నిజమైనదే అయినా లోపల కార్డు విషయంలో పొరపాటు జరగదని కాదు. 1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ వేసిన టీ206 వరుసలో హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు ప్రపంచంలో అన్నిటికంటే పేరున్నది. పీ.ఎస్.ఏ. తొలిసారిగా గ్రేడ్ చేసిన కార్డు కూడా అదే, దానికి 8 ఇచ్చారు. ఆ కార్డు అంచులు తానే కత్తిరించానని వేలంపాటల వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. అంత పేరున్న కార్డుకే అలా జరిగిందంటే మనం ఎంత జాగ్రత్తపడాలో ఆలోచించు.

శ్రోత: మరి కొట్టు మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి సార్?

సలహాదారు: బరంపురం పట్టుచీర కొనేటప్పుడు మన ఆడవాళ్ళు అంచు తిరగేసి చూస్తారు కదా, కార్డును కూడా అలాగే తిరగేసి చూడనివ్వాలి. పెట్టెలో లేని పాత కార్డయితే కవరులోంచి తీసి గుమ్మం దగ్గర వెలుతురులో చూడనిమ్మని అడుగు. గడియారాలు బాగుచేసేవారు కంటికి పెట్టుకునే పదిరెట్ల భూతద్దం ఒకటి నీ దగ్గర ఉంచుకో. దానితో ఆటగాడి పేరు అక్షరాలను చూడు. అసలు కార్డులో అక్షరాల నలుపు గట్టిగా, అంచులు తేటగా ఉంటాయి. స్కాన్ చేసి మళ్ళీ అచ్చువేసిన దానిలో అక్షరమే చిన్న చిన్న చుక్కలుగా విడిపోయి కనిపిస్తుంది. నోట్లు పరీక్షించే ఊదారంగు దీపం కింద 1930లనాటి కాగితం మామూలుగా మెరవదు. యుద్ధం తరువాత కాగితాల్లో వాడుకలోకి వచ్చిన తెలుపుపెంచే రసాయనాల వల్ల కొత్త కాగితం నీలంగా మెరుస్తుంది. తొంభైలనాటి సచిన్ కార్డుకు మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. నాలుగు మూలలూ సూదిమొనల్లా ఉండి బొమ్మ ఉన్న ముఖం అరిగిపోయి ఉన్నా, కొలిస్తే అదే వరుసలోని మరో కార్డు కంటే కొంచెం పొట్టిగా ఉన్నా, అరిగిన అంచులు కనపడకుండా కత్తిరించారని అనుమానించాలి.

ఇంకొక ప్రశ్న తప్పక అడుగు. “ఇదే కార్డును ఆరునెలల తరువాత నేను తిరిగి తెస్తే మీరు ఎంతకు కొంటారు?” అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత ఈ వ్యాపారంలో అక్షరాలా నిజం, కొనే ధరకూ అమ్మే ధరకూ తేడా ఉండడం న్యాయమే. కానీ ఒక అంకె చెప్పగలిగినవాడు ఆ సరుకును నిజంగా కొంటూ అమ్ముతూ ఉన్నవాడు. మాట దాటవేసి దీని ధర పెరుగుతూనే ఉంటుంది అని పాఠం చెప్పేవాడి దగ్గర నేనైతే కొనను. తన దగ్గర ఉన్నవాటిలో ఇది రీప్రింట్ అని అడగకుండానే చెప్పే వ్యాపారి దొరికితే మాత్రం, ధర నాలుగు రూపాయలు ఎక్కువైనా ఆయన కొట్టును వదలవద్దు.

వ్యాఖ్యాత: బరంపురం నుంచి ఒక అమ్మగారు ఎదురుచూస్తున్నారు.

శ్రోత (బరంపురం): నమస్కారమండి. మా అబ్బాయికి పన్నెండేళ్ళు. క్రికెట్ కార్డులంటే పిచ్చి. ఒక కొట్లో ఇరవై ఏళ్ళ కిందటి విప్పని పొట్లాలని చెప్పి ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. వాడు దాచుకున్న డబ్బంతా వాటికే పెడుతున్నాడు.

సలహాదారు: అమ్మా, విప్పని పొట్లం అన్న మాటను ఊరికే నమ్మవద్దు. పొట్లం విప్పి మంచి కార్డు తీసుకుని మళ్ళీ అతికించి అమ్మే మోసం అన్ని దేశాల్లోనూ ఉంది. అతుకు గీత రెండు చోట్ల కనిపించినా, వేడి తగిలి కవరు ముడుచుకుని ఉన్నా పక్కన పెట్టండి. మన దేశంలో అమ్మకానికి తయారైన పొట్లం మీద గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, సంవత్సరం ఉండాలి కదా, అబ్బాయి చేత అవి చదివించండి. టాప్స్ కంపెనీ వేసిన ఐ.పి.ఎల్. క్రికెట్ అటాక్స్ కార్డులను ఎవరైనా తొంభైలనాటివని చెబితే అది అబద్ధమని పిల్లవాడికే తెలుస్తుంది, ఎందుకంటే ఐ.పి.ఎల్. మొదలైందే 2008లో. వాడి ఇష్టాన్ని మాత్రం ఆపవద్దని నా మనవి. పొట్లాలకు బదులు కళ్ళతో చూసి విడి కార్డులు కొనుక్కోమనండి, స్నేహితులతో మార్చుకోమనండి. గోపాలపురం సముద్రపు గాలికి మీ ఊళ్ళో తేమ ఎక్కువ కనుక కార్డులను మెత్తని కవర్లలో పెట్టి, మూత ఉన్న డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. బీరువా అడుగున పెడితే చెదలు, వెండిపురుగులు తినేస్తాయి.

వ్యాఖ్యాత: చివరి ఫోను జయపురం నుంచి.

శ్రోత (జయపురం): అయ్యా, విశాఖపట్నంలో కొట్టు ఉందని చెప్పిన ఒక వ్యాపారికి 1980ల నాటి కార్డుల కోసం యూపీఐలో ఎనిమిది వేలు పంపించాను. వచ్చినవి చూస్తే కొత్తగా అచ్చు వేసినవి. ఇప్పుడు ఫోను తీయడం లేదు. నేను విశాఖ వెళ్ళి కేసు వేయాలా?

సలహాదారు: వెళ్ళనక్కర లేదండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్న చోటే ఫిర్యాదు చేయాలన్న నియమం లేదు, మీరు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. విలువ ఐదు లక్షల లోపు కనుక రుసుము కూడా ఉండదు. గడువు రెండేళ్ళు. అంతకు ముందు 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో నమోదు చేయించండి, చాలా వ్యవహారాలు అక్కడే తేలుతాయి. ఆయన మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశంతోనే డబ్బు తీసుకున్నాడని మీకు అనిపిస్తే 1930కి ఈరోజే చెప్పండి. అది సైబర్ నేరాల నంబరు, ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఖాతాలో నిలిపివేయించే అవకాశం అంత ఎక్కువ.

శ్రోత: నా దగ్గర బిల్లు లేదండి. వాట్సాప్ మాటలే ఉన్నాయి.

సలహాదారు: అవి చెరపకుండా ఉంచండి. ఆయన అసలు కార్డులు అని రాసిన సందేశం, యూపీఐ రశీదులో కనిపించే పేరు, వచ్చిన కవరు మీద పోస్టాఫీసు ముద్ర, కార్డుల ఫోటోలు, ఇవన్నీ సాక్ష్యాలే. కవరును పారవేయకండి. ఇకముందు ఎక్కడ కొన్నా బిల్లు మీద పాత కార్డులు అని మాత్రమే రాయనివ్వకుండా, కంపెనీ పేరు, సంవత్సరం, కార్డు నంబరు, అసలుది అన్న మాట రాయించండి. బిల్లు ఒడియాలో ఉన్నా ఫరవాలేదు. వ్యాపారి కాని వ్యక్తి తన సొంత కార్డు అమ్మితే ఈ వినియోగదారుల చట్టం వర్తించదు, కనుక అలాంటివారి దగ్గర కొనేటప్పుడు డబ్బు ముందుగా పంపవద్దు, మనిషిని కలిసి, కార్డు చూసిన తరువాతే ఇవ్వండి.

శ్రోత: 1930కి ఇప్పుడే చేస్తానండి. నమస్కారం.