కరెంటు పోతే ప్రాణమొచ్చే వైరు

వేదిక మీది పెద్దలకు, పని మానుకుని వచ్చిన వైర్‌మన్ సోదరులకు నమస్కారం. ఏటా జూన్ 26 నుంచి జూలై 2 దాకా విద్యుత్ భద్రతా వారోత్సవాలు. ఈ ఏడు నన్ను ఎర్తింగ్ గురించి మాట్లాడమన్నారు. దానికి ముందు ఒక కరెంటు ప్యానెల్ సంగతి చెప్పి తీరాలి.

గుంటూరులో ఒక కాంప్లెక్సు. ఫొటో ల్యాబ్ ఖాళీ చేసిన గదిలోకి బట్టల షాపు వస్తోంది. ప్యానెల్ తలుపు తీస్తే ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, అంటే కరెంటు తెచ్చే వైర్లు, మూడూ శుభ్రంగా ఉన్నాయి. వాటి వెనక నల్ల వైరు ఒకటి, 4 స్క్వేర్ ఎంఎం, కొసకి టేపు చుట్టి వదిలేశారు. నలుపంటే న్యూట్రల్, అదే కరెంటు తిరిగెళ్లే వైరు, అనుకుంటాం కదా. మెయిన్ ఆపి టెస్ట్ ల్యాంపు, అదే వైరులో కరెంటుందో లేదో చూసే బల్బు, పెట్టాం, వెలగలేదు. మెయిన్ వేసి పెట్టాం, అప్పుడూ లేదు. "డెడ్ వైరన్నా, కోసేద్దాం" అని మా కుర్రాడు కటింగ్ ప్లేయర్ తీశాడు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సెల్లార్లో జనరేటర్ అందుకుంది. ఆగరా, మళ్లీ పెట్టు అన్నాను. ల్యాంపు వెలిగింది!

అర్థమైందా? ల్యాబ్ వాళ్లు మిషన్లు ఆగకూడదని బిల్డింగ్ జనరేటర్ నుంచి విడిగా ఒక ఫేజు లాక్కున్నారు. చేతికందిన నల్ల వైరే వాడేశారు. న్యూట్రల్ మామూలు లింకు నుంచే తీసుకున్నారు. వెళ్లేటప్పుడు ఈ కొస విప్పారు. రెండో కొస మాత్రం చేంజోవర్‌కి, అంటే లైను నుంచి జనరేటర్‌కి మార్చే స్విచ్చికి, అవతల, జనరేటర్ వైపే బిగించి ఉంది. మన మెయిన్ ఆపితే దానికేం పట్టింది?

వైరింగ్ డ్రాయింగ్ ఉందా అని ఓనరు గారిని అడిగాను. "డ్రాయింగ్ ఎందుకయ్యా, లైట్లు వెలుగుతున్నాయిగా" అన్నాడు. నా కడుపుమంటంతా ఆ మాట మీదే. ఫాల్స్ సీలింగ్‌కి లక్షలు పోస్తారు. తలుపు లోపల అతికించే కాగితానికి రూపాయి రాలదు. పోనీ, మనమేమన్నా తక్కువ తిన్నామా? బిల్లు చేతిలో పడగానే నిచ్చెన భుజానేసుకుని పోతాం.

ఇంకోటి. నియాన్ టెస్టర్ ఒక్కటే నమ్ముకుని పనిచేసేవాళ్లు చేతులెత్తండి. సిగ్గెందుకు, ఎత్తండి! పక్కన లైవ్ వైరు ఉంటే ఖాళీ వైరులోనూ అది మినుకుమంటుంది. పొడి చెక్కబల్ల మీద నిలబడితే అసలు ఫేజు మీదా సరిగ్గా వెలగదు. ల్యాంపే వాడండి. రెండు ఫేజుల మధ్య 415 వోల్టులు, ఒక్క బల్బు తట్టుకోదు కాబట్టి బల్బులు రెండు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి, పెట్టుకోండి. ముందు లైవ్ అని తెలిసిన ఫేజు మీద చూసుకుని, ఆ తర్వాతే అనుమానమున్న వైరు దగ్గరికి వెళ్లండి.

ఎర్తింగ్... వస్తున్నా, వస్తున్నా. ఇప్పుడు జనరేటరొక్కటే కాదు, ఇన్వర్టరు, డాబా మీద సోలారు, దానికి బ్యాటరీ. ఈ ప్యానెల్‌కి కరెంటు ఎన్ని దారుల్లో వస్తుందో తలుపు మీద మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో రాయండి. వదిలేసిన వైరుంటే రెండు కొసలూ విప్పండి. విప్పలేకపోతే చీటీ కట్టండి.

ఆ నల్ల వైరుని సెల్లార్ దాకా వెతికి విప్పడానికి సగం రోజు పట్టింది. "పనిచేయని వైరుకి కూలేంటి?" అని ఓనరు గారు ఆ డబ్బు కోసేశాడు. అందుకే ఇప్పుడు కొటేషన్ మొదటి పేజీలోనే "పాత వైర్ల వెతుకులాట, విడిగా" అని రాస్తున్నాను. మీరూ రాయండి. అందరం రాస్తేనే ఇస్తారు.