కాలనీలోకి రానివ్వండి, కాలనీలోంచి పోనివ్వకండి

[స్క్రీన్ మీద: సాయంత్రం వేళ ఒక కాలనీ గల్లీ, బండ్ల వెనక బండ్లు, హారన్లు]

నమస్తే. ఈ గల్లీ లేఅవుట్ కాగితం మీద 30 అడుగులు. ఇప్పుడు టేపు పట్టి కొలుద్దాం. ఎడమ పక్క ఇంటి ర్యాంపు రోడ్డు మీదికి 3 అడుగులు వచ్చింది, కుడి పక్కదీ అంతే, మోరీ ఇంకో 3, గోడకు ఆనించి పెట్టిన కారు 6. మిగిలింది 15 అడుగులు. అందులోనే ఒక కాలేజీ బస్సు, దానికి ఎదురుగా ట్రాలీ ఆటో, రెండింటి మధ్య ఇంత సందు దొరికితే చాలని దూరే బైకులు, పక్కన షటిల్ ఆడుకుంటున్న పిల్లలు. ఈ బండ్లలో చాలావాటికి ఈ గల్లీలో పనేం లేదు. ముందు సిగ్నల్ దగ్గర ఆగడం ఇష్టం లేక ఇటు తిప్పారు, అంతే.

మన దగ్గర ఇది ఎందుకింత ఎక్కువ అంటే, కాజీపేట, హనుమకొండ, వరంగల్ మూడూ ఒకే పొడవాటి రోడ్డు పట్టుకుని పెరిగిన ఊర్లు. పక్కన ఇంకో పెద్ద రోడ్డు వేద్దామంటే ఒకచోట గుట్ట, ఒకచోట భద్రకాళి చెరువో వడ్డేపల్లి చెరువో, ఇంకోచోట రైలు పట్టాలు. పట్టాలు దాటాలంటే అటు ఫాతిమానగర్ బ్రిడ్జి, ఇటు వరంగల్ అండర్ బ్రిడ్జి, ఇట్లా వేళ్ల మీద లెక్కపెట్టేన్ని దారులే. అందుకే బస్టాండుకు పోయే బస్సూ, ఎంజీఎం ఆసుపత్రికి పోయే అంబులెన్సూ, కూరగాయలకు బయల్దేరిన స్కూటీ అన్నీ ఒకే రోడ్డు మీద. ఆ రోడ్డు కాస్త బిగుసుకుందా, బండ్లు పక్క గల్లీల్లోకి పొంగుతాయి. 2024లో నయీంనగర్ నాలా మీద పాత బ్రిడ్జి కూల్చి కొత్తది కట్టారు కదా, కరీంనగర్ రోడ్డు మీద పోవాల్సిన బండి అప్పుడు ఎటు పోవాలి? చుట్టూ తిరిగి ఎవరో ఒకరి కాలనీలోంచే పోవాలి. పని అయిపోయి బ్రిడ్జి తెరుచుకున్నా, ఆ చుట్టుదారి తెలిసినోడు దాన్ని మర్చిపోడు.

[స్క్రీన్ మీద: ఫోన్‌లో మ్యాపు, మెయిన్ రోడ్డు ఎర్రగా, గల్లీ మామూలు రంగులో]

దీనికి తోడు ఫోన్. గూగుల్ మ్యాప్స్ లాంటివి రోడ్డు మీద కదిలే ఫోన్ల వేగం చూసి ఏ దారిలో ఎంతసేపు పడుతుందో లెక్కేస్తాయి. మెయిన్ రోడ్డు కంటే మీ గల్లీలో ఒక నిమిషం తక్కువ అనిపిస్తే అటే పొమ్మంటుంది. ఆ మలుపులో అంగన్‌వాడీ ఉందని, సాయంత్రం తాతలు అరుగు మీద కుర్చీలేసుకుని కూర్చుంటారని దానికేం తెలుస్తుంది. అయితే అంతా ఫోన్ మీదే వేసేయడం కూడా న్యాయం కాదు, మన ఆటో అన్నలకు ఈ సందులన్నీ మ్యాపులు రాకముందే తెలుసు.

ఇంతకీ గల్లీలోంచి పోయినోడికి నిజంగా టైం మిగులుతుందా? ఒక్కడు పోతే మిగులుతుంది. వందమంది పోతే ఏమవుతుందో గల్లీ చివర నిలబడి చూడండి. వాళ్లంతా మళ్లీ అదే మెయిన్ రోడ్డు ఎక్కాలి, అదీ సరిగ్గా సిగ్నల్‌కు కాస్త ముందు. అక్కడ ముందు చక్రం దూర్చి, లైన్లో వస్తున్న బస్సుకు బ్రేక్ వేయించి, ఆ బస్సు వెనకున్న వాళ్లందరినీ ఆపుతారు. వెనక లైన్ ఇంకా పెరుగుతుంది, అది చూసి ఇంకో పదిమంది గల్లీలోకి తిప్పుతారు. కొత్త దారి తెరిస్తే అందరి ప్రయాణమూ ఆలస్యం కావచ్చని జర్మన్ గణిత శాస్త్రవేత్త డీట్రిచ్ బ్రేస్ 1968లోనే లెక్క కట్టి చూపించాడు.

పోతే పోనీ, రోడ్డు ఉన్నదే పోవడానికి కదా అంటారా. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో డోనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే ప్రొఫెసర్ 1969 ప్రాంతంలో, చూడటానికి ఒకేలా ఉండే మూడు వీధులను పోల్చి చూశాడు. ఒకదాంట్లో రోజుకు సుమారు 2,000 బండ్లు, రెండోదాంట్లో 8,000, మూడోదాంట్లో 16,000. బండ్లు తక్కువున్న వీధిలో ఒక్కొక్కరికి అదే వీధిలో సగటున 3 స్నేహితులు. 8,000 బండ్ల వీధిలో 1.3. 16,000 బండ్ల వీధిలో 0.9. మన గల్లీలో దీన్ని చూడాలంటే లెక్కలు అక్కర్లేదు, అరుగుల మీద కుర్చీలు ఎన్ని మిగిలాయో చూడండి చాలు.

సరే, ఏం చేయాలి? ఎవర్ని అడిగినా మొదట వచ్చే మాట స్పీడ్ బ్రేకర్. రోడ్లు ఎట్లా ఉండాలో ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం మామూలు స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, బండి గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేలా. మన కాలనీల్లో ఇంటి స్లాబ్ వేయగా మిగిలిన కాంక్రీట్‌తో రాత్రికి రాత్రి వేసుకునేది అడుగు వెడల్పు, జానెడు ఎత్తు. అది స్పీడ్ బ్రేకర్ కాదు, గోడ. కడుపుతో ఉన్న ఆడపిల్ల ఆటోలో దాని మీదుగా ఎట్లా పోతుందో వేసినోడు ఆలోచించడు. పైగా బ్రేకర్ బండిని నెమ్మది చేస్తుందే గానీ అడ్డదారిని మూయదు. దాటగానే మళ్లీ ఎక్సలేటర్ తిప్పుతారు, ఆ మోత మీ బెడ్‌రూం కిటికీ దగ్గరే.

రెండో మాట, గేటు. మనమే గేటు పెట్టి తాళం వేద్దాం, లేదంటే రెండు సిమెంట్ పైపులు అడ్డం దొర్లిద్దాం. ఇది చేయకండి. ఆమోదం ఉన్న లేఅవుట్‌లో రోడ్లు మున్సిపాలిటీకి అప్పగించినవి, అవి కాలనీ సొంతం కావు. అర్ధరాత్రి 108 వచ్చి పైపుల దగ్గర ఆగిపోతే అప్పుడు ఎవరిని పిలుస్తారు? అమెరికాలో న్యూజెర్సీలోని లియోనియా అనే చిన్న ఊరు 2018 జనవరిలో, రద్దీ గంటల్లో తమ వీధుల్లోకి బయటివాళ్లు రాకుండా నిషేధం పెట్టింది. అదే ఏడాది కోర్టు కొట్టేసింది.

[స్క్రీన్ మీద: నాలుగు గల్లీలు కలిసే చోటు, ఒక మూల నుంచి ఎదురు మూల దాకా దిమ్మెల వరస]

నాకు సరైనదిగా అనిపించేది ఇది. నాలుగు గల్లీలు కలిసే చోట ఒక మూల నుంచి ఎదురు మూలకు ఏటవాలుగా దిమ్మెలు పాతుతారు. కాలనీలో ఏ ఇంటికైనా కారులో రావచ్చు, కాకపోతే ఈ రోడ్డు మీంచి వచ్చినోడు తిరిగి ఈ రోడ్డుకే పోవాలి, అవతలి రోడ్డుకు దాటలేడు. ఇక్కడివాడా బయటివాడా అన్న పంచాయితీ లేదు, అందరికీ ఒకే రూలు. మధ్యలో రెండు దిమ్మెలు పీకడానికి వీలుగా ఉంటే అంబులెన్స్, ఫైరింజన్ పోతాయి. ఒక్క గల్లీకే చేస్తే మాత్రం పక్క గల్లీ వాళ్లు తిట్టుకుంటారు, న్యాయంగానే. రెండు మెయిన్ రోడ్ల మధ్యనున్న కాలనీ మొత్తానికి కలిపి గీయాలి.

ఇక్కడ ఒక చిక్కుంది. నెదర్లాండ్స్ లాంటి చోట్ల ఈ దిమ్మెల సందులోంచి సైకిళ్లను వదిలేస్తారు. మన దగ్గర ఆ సందులోంచి దూరేది పల్సర్. అడ్డదారి ట్రాఫిక్‌లో ఎక్కువ మంది బైకుల వాళ్లే కూడా. ఆ సందును మెలికలు తిప్పి, మనిషి నడక వేగంతో తప్ప పోలేనట్టు కట్టాలి. పూర్తిగా ఆగరు, నేనలా చెప్పను. కానీ బస్సు, ట్రాలీ, తొందరలో ఉన్న కారు గల్లీలోంచి పోవడం ఆగితే పిల్లల ఆటకు సగం జాగా వచ్చినట్టే. ఇంకోటి, చౌరస్తాలో ఫ్రీ లెఫ్ట్‌ను ఆపుతున్న ఆటోలనూ బండి మీద టిఫిన్ సెంటర్‌నూ నాలుగడుగులు వెనక్కి జరిపించడం. ఎడమకు తిరగాల్సినోడు గల్లీ ఎక్కేది చాలాసార్లు ఆ ఒక్క అడ్డం వల్లే.

దరఖాస్తు రాసే ముందు ఒక పని చేయండి. సాయంత్రం ఒక గంట, గల్లీ ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కాగితం పట్టుకుని నిలబడి ప్రతి బండి నంబర్‌లో చివరి నాలుగంకెలు, టైం రాసుకోండి. అటు దూరి మూడు నిమిషాల్లో ఇటు బయటపడ్డ నంబర్లు అడ్డదారివి, మిగతావి మన కాలనీవి. లెక్క తేలాక ఒక్కోసారి మన వాళ్ల బండ్లే ఎక్కువుంటాయి, అప్పుడు గొడవ వేరే రకం. ఆ కాగితం కార్పొరేటర్ దగ్గరికీ ట్రాఫిక్ పోలీసుల దగ్గరికీ ఒకేసారి తీసుకెళ్లండి, ఎందుకంటే రోడ్డు సంగతి కార్పొరేషన్‌ది, దాని మీద పోయే బండి సంగతి పోలీసులది, ఒకరి దగ్గరికే పోతే రెండోవాళ్ల వైపు చూపిస్తారు.

వెంటనే దిమ్మెలు పాతమని కూడా అడగొద్దు. ఇసుక నింపిన డ్రమ్ములతో కొన్ని వారాలు చూద్దామని అడగండి, బాగాలేకపోతే తీసేయొచ్చు. ఇది కొత్తేం కాదు కూడా, బతుకమ్మ పండగ రోజుల్లో సాయంత్రం గల్లీకి రెండు బైకులు, ఒక తాడు అడ్డం కట్టి ఆడవాళ్లు ఆడుకుంటారు, ఆ రోజుల్లోనూ అందరూ ఇంటికి చేరుతూనే ఉన్నారు కదా. మీ కాలనీలో ఏ మలుపు దగ్గర డ్రమ్ములు పెట్టాలో కింద రాయండి, దగ్గర్లో ఉన్న మెయిన్ రోడ్ల పేర్లతో సహా, వచ్చే వీడియోలో మ్యాపు మీద గీసి చూద్దాం.