అత్తయ్య చెప్పిన పరిగె లెక్క

మరదలు: అందరికీ వందనాలు. ఈసారి మా వదినను పట్టుకొచ్చి మైకు ముందు కూర్చోబెట్టాను. వదినా, ఒకప్పుడు మీ ఇంట్లో కుటుంబ ప్రార్థన అంటే పిల్లలు జారుకునేవాళ్లు కదా?

వదిన: జారుకోక ఏం చేస్తారమ్మా! మీ అన్నయ్య ఒక అధ్యాయం చదివి అరగంట ప్రసంగం చేసేవారు. జనవరి 1న ఆదికాండం మొదలుపెట్టడం, లేవీయకాండం దగ్గర ఆగిపోవడం. మూడేళ్లు అదే తంతు.

మరదలు: మా ఇంట్లోనూ అంతే. మరి ఇప్పుడు?

వదిన: బైబిల్లోనే చిన్న పుస్తకం పట్టుకున్నాం. రూతు అనే ఆవిడ కథ. 4 అధ్యాయాలే, వారానికి ఒకటి. శనివారం రాత్రి భోజనాలయ్యాక తలా కాసిని వచనాలు చదవాలి. ప్రసంగం బంద్, ప్రశ్నలు అడగొచ్చు. పిల్లలవి ఇంగ్లిష్ బైబిళ్లు, అత్తయ్యది ఆ పాత తెలుగు బైబిలు.

మరదలు: అట్ట ఊడిపోయి దారంతో కుట్టుకుంది, అదేనా?

వదిన: అదే. రెండో అధ్యాయంలో రూతు పరిగె ఏరుకుంటుంది, అంటే కోత కోశాక చేలో మిగిలిన వెన్నులు. అలా వచ్చిన యవల కొలత ఇంగ్లిష్‌లో ‘ఏఫా’ అని ఉంది. మావాడు ఫోన్‌లో వెతుకుతుంటే అత్తయ్య, ‘ఇక్కడ తూమెడు అని ఉందిరా’ అన్నారు. 4 కుంచాలు తూము, 20 తూములు పుట్టి అని లెక్క కూడా చెప్పారు. ‘ఒక్క పొద్దులో పరిగె ఏరి తూమెడు తేవడం అయ్యే పని కాదు. ఆ పొలం ఆసామి బోయజు పనల్లోంచి పిడికెళ్లు లాగి పడెయ్యమన్నాడు చూడు, అందుకే అంత వచ్చింది’ అన్నారు.

మరదలు: అమ్మకి అదెలా తెలుసు?

వదిన: చిన్నప్పుడు ఏరారటమ్మా. వరికోతలయ్యాక, వాళ్లమ్మ వెనకాల. ఒక రైతు చూసీ చూడనట్టు పోయేవాడట, ఇంకొకాయన కర్ర పట్టుకుని తరిమేవాడట.

మరదలు: నాకెప్పుడూ చెప్పలేదే!

వదిన: నువ్వు అడిగావా? మేమూ అడగలేదు. ఆ రాత్రి పిల్లలు పదకొండైనా లేవలేదు. ఇప్పుడు కోత మిషన్లు వచ్చాయి, పరిగె అంటేనే వాళ్లకి తెలియదు.

మరదలు: మరి వాదన జరిగిందన్నావు?

వదిన: పెద్దదే. బోయజు చేసింది దానం అని మీ అన్నయ్య. కాదు, హక్కు అని అమ్మాయి. అప్పుడు లేవీయకాండం 19 తీశాం. పొలం ఓరలు, అంటే అంచులు, పూర్తిగా కోయకూడదు, పరిగె ఏరుకోకూడదు, అది బీదలకూ పరదేశులకూ విడవాలి అని ఉంది. రూతు పరాయి దేశం మోయాబు నుంచి వచ్చిన విధవరాలు. కాబట్టి ఏరుకోవడం ఆమె హక్కు, పిడికెళ్లు పడెయ్యడం మాత్రం బోయజు మంచితనం. అక్కడికి రాజీ కుదిరింది. చూశావా, మూడేళ్లు మేం దాటలేని లేవీయకాండాన్ని పిల్లలే తెరిచారు.

మరదలు: ‘నీవు వెళ్లు చోటికే నేను వచ్చెదను’ అని పెళ్లిళ్లలో చదువుతారు, అదీ రూతులోదే కదా?

వదిన: అవును. రూతు ఆ మాట అన్నది మొగుడితో కాదు, అత్తతో! అది చదివి అత్తయ్య నా వంక చూసి ఒకటే నవ్వు.

మరదలు: అమ్మని ఇక్కడికి తీసుకొస్తే మాట్లాడుతుందంటావా?

వదిన: వస్తారు. కానీ ముందు ఒక కీర్తన పాడనిస్తేనే మాట్లాడతానంటారు. అన్ని చరణాలూ!

మరదలు: సరే, ఎపిసోడ్ పొడుగ్గానే పెట్టుకుందాం.