బుడాపెస్ట్ గ్యాంబిట్: డి4 ఆడేవాళ్ళ మీద నల్లపావులతో ఎలా ఆడాలి

నమస్తే అండి. వైజాగ్ నుంచి మళ్ళీ బోర్డుతో వచ్చేశాం. ఇవాళ బుడాపెస్ట్ గ్యాంబిట్, అంటే మొదట్లోనే ఒక బంటు ఇచ్చి ఆడే ఓపెనింగ్. అవతలివాళ్ళు డి4 (డి నిలువు వరుసలో నాలుగో గడికి బంటు) ఆడితే మనవాళ్ళు ఎక్కువగా కింగ్స్ ఇండియనో, క్వీన్స్ గ్యాంబిట్ డిక్లైన్డో అనే ఓపెనింగ్‌లు ఆడతారు. దీని జోలికి వెళ్ళేవాళ్ళు తక్కువ, అందుకే అవతలివాళ్ళకి అలవాటూ తక్కువే.

ముందు బోర్డు తిప్పేద్దాం. లిచెస్ అనే చెస్ సైట్‌లో ఎఫ్ కీ నొక్కితే తిరిగిపోతుంది. నల్లపావుల ఓపెనింగ్‌ని నల్లవైపు కూర్చునే నేర్చుకోవాలి. తెల్లవైపు నుంచి చూసి నేర్చుకుంటే గేమ్‌లో కూర్చున్నాక గడులు గుర్తురావు.

సరే, ఎత్తులు. డి4, మనం గుర్రం ఎఫ్6. సి4, మనం ఈ5. అంతే. డి4 బంటు ఈ5ని కొట్టేస్తుంది, మన గుర్రం జి4కి. ఇదిగో, ఈ పొజిషన్. ఇదే బుడాపెస్ట్.

ఒక్కమాట. వాళ్ళు రెండో ఎత్తు సి4 ఆడితేనే ఇది. ఇప్పుడు మన దగ్గర పిల్లల టోర్నీల్లో డి4 అంటే చాలాసార్లు లండన్ అనే ఓపెనింగే, బిషప్ ఎఫ్4కి వచ్చేస్తుంది. గుర్రం ఎఫ్3 ఆడేవాళ్ళూ ఉంటారు. అప్పుడు ఈ5 తోస్తే ఊరికే బంటు పోతుంది. వాటికి డి5, సి5 లాంటిది వేరే పెట్టుకోవాలి.

ఇప్పుడు ఇక్కడి నుంచి. వాళ్ళు ఈ4 ఆడితే గుర్రంతో ఈ5 కొట్టండి, ఎఫ్4 తోస్తారు, ఆ గుర్రాన్నే సి6కి తెచ్చేయండి. తర్వాత బిషప్ సి5. ఎఫ్ బంటు కదిలింది కదా, జి1 దాకా దారి తెరుచుకుంది, వాళ్ళు పొట్టి క్యాసిల్ చేసుకోవడం (రాజుని హెచ్ వైపు ఏనుగు దగ్గర దాచుకోవడం) కష్టం. ఇది తేలికే, వదిలేద్దాం.

బిషప్ ఎఫ్4 ఆడితే... గుర్రం సి6, గుర్రం ఎఫ్3, బిషప్ బి4 చెక్. గుర్రం బి1 నుంచి డి2కి అడ్డం వస్తే, క్వీన్ ఈ7. వాళ్ళు ఏ3 అని బిషప్‌ని అడుగుతారు. బిషప్‌ని కదపకండి! జి4 గుర్రంతో ఈ5 కొట్టండి. ఇప్పుడు ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రాం) ఆన్ చేసి ఎక్స్ కీ నొక్కండి, మన తర్వాతి బెదిరింపు ఏంటో బాణం గీసి చూపిస్తుంది. చూశారా, గుర్రం డి3, మేట్. ఈ2 బంటు కొట్టలేదు, మన క్వీన్ దాన్ని రాజు ముందు పిన్ చేసి పెట్టింది, కదిలితే రాజుకి చెక్. రాజుకి చుట్టూ అన్నీ తన పావులే. కీనింగర్ ట్రాప్ అంటారు దీన్ని. బిషప్‌ని కొట్టినా ఇదే మేట్.

తెలిసినవాళ్ళు ఏ3 బదులు ఈ3 ఆడేస్తారు. అప్పుడూ గుర్రంతో ఈ5 కొట్టండి, మేట్ లేదు కానీ మన బంటు మనకి వచ్చేసింది, గేమ్ సమానం. చాలు. ట్రాప్ పడలేదని బాధపడనక్కర్లేదు.

ఇక డి2కి కాకుండా గుర్రం సి3కి వస్తే? బిషప్‌తో సి3 కొట్టండి, బి బంటు కొడుతుంది, క్వీన్ ఈ7. వాళ్ళ క్వీన్ డి5కి వచ్చి ఈ5 బంటుని పట్టుకుంటుంది. లెక్కపెట్టండి: కొట్టేవి మూడు, కాసేవి మూడు. కాబట్టి కొట్టకండి. ఎఫ్6 తోయండి. బంటు కొడుతుంది, గుర్రంతోనే తీసుకోండి, క్వీన్‌తో కాదు. గుర్రం ఎఫ్6లోకి రాగానే డి5 క్వీన్ మీద పడుతుంది, మనకి ఒక ఎత్తు కలిసొచ్చింది. బంటు తక్కువే, కానీ వాళ్ళ సి బంట్లు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కున్నాయి. 1918లో బెర్లిన్‌లో రూబిన్‌స్టైన్ అనే పేరున్న ఆటగాడి మీద విద్మార్ నల్లపావులతో ఆడింది ఈ లైనే. క్వీన్‌ని ముందు ఏ3లో పెట్టి తర్వాత ఎఫ్6 తోశాడు, 24 ఎత్తుల్లో గెలిచాడు. ఆ గేమ్ తప్పకుండా బోర్డు మీద పెట్టి ఆడి చూడండి, అంత బాగుంటుంది.

ఇప్పుడు అసలు విషయం, ఏ8 ఏనుగుని ఆరో వరుస మీదుగా వాళ్ళ రాజు మీదకి తేవడం. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం.

గుర్రం జి4కి వచ్చాక వాళ్ళ నాలుగో ఎత్తు గుర్రం ఎఫ్3. మనం బిషప్ సి5. ఈ3, గుర్రం సి6, బిషప్ ఈ2, ఇద్దరూ క్యాసిల్, మన ఏనుగు ఈ8. గుర్రం సి3. జి4 గుర్రంతో ఈ5 కొట్టాం, వాళ్ళు కొట్టారు, సి6 గుర్రంతో మళ్ళీ కొట్టాం. బి3 తోశారు. ఇదిగో ఈ పొజిషన్, ఇక్కడ ఆగండి.

చెయ్యి దానంతటదే డి6 మీదకి వెళ్తుంది. సి8 బిషప్‌కి దారి ఇద్దామనిపిస్తుంది కదా. వద్దు. డి6 ఇప్పుడు వద్దు. ఏ5 తోయండి. వాళ్ళు బిషప్ బి2. ఏనుగు ఏ6.

ఎందుకో చూడండి, కుడి మౌస్ నొక్కి బాణం గీస్తున్నాను. ఏ6 నుంచి హెచ్6 దాకా ఆరో వరుస మొత్తం ఖాళీ. మన వైజాగ్‌లో ఎన్.ఏ.డి. నుంచి హనుమంతవాక దాకా హైవే అనుకోండి. డి6లో బంటు పెడితే తాటిచెట్లపాలెం దగ్గర లారీ అడ్డంగా ఆగినట్టే, ఏనుగు సి6 దాటదు. ఈ5 గుర్రాన్ని సి6కి వెనక్కి తెచ్చినా అంతే, జి6కి తీసుకెళ్ళినా అంతే. డి బంటు డి7లోనే, గుర్రం ఈ5లోనే. ఏనుగు వెళ్ళిపోయాక డి6 హాయిగా ఆడుకోండి.

ఏ5 వల్ల ఇంకో లాభం ఉంది. వాళ్ళ గుర్రం ఈ4కి వచ్చి బిషప్‌ని తరిమితే, ఏ7 గడి ఖాళీగా ఉంటుంది. అక్కడికి వెళ్ళండి, గురి ఎఫ్2 వైపే ఉంటుంది. కానీ ఒకటి చూసుకోండి. సి5 నుంచి మన బిషప్ కదిలిన క్షణం నుంచి వాళ్ళు సి5 తోయగలరు. తోస్తే ఈ2 బిషప్‌కి ఏ6 దాకా దారి తెరుచుకుంటుంది, మన ఏనుగు దాని ఎదురుగా ఉంటుంది. చూసుకోకపోతే ఏనుగు పోయి బిషప్ మాత్రమే దక్కుతుంది. అందుకే ఏ6 బస్టాపు లాంటిదే, ఇల్లు కాదు. వీలవగానే హెచ్6.

ఏనుగు హెచ్6, క్వీన్ హెచ్4, హెచ్2 మీద మేట్ బెదిరింపు. వాళ్ళు హెచ్3 తోస్తారు. ఇప్పుడు డి6! సి8 బిషప్ కూడా హెచ్3 మీదకి చూస్తోంది, మూడు పావులు ఒకే గడి మీద. బిషప్‌ని హెచ్3లో ఇచ్చేయాలనిపిస్తుంది. ఇచ్చేముందు ఎఫ్1 చూడండి. అక్కడ వాళ్ళ ఏనుగు ఉంటే రాజుకి అటువైపు దారి మూసుకున్నట్టే. ఏనుగు ఈ1కి జరిగి ఉంటే రాజు ఎఫ్1 మీదుగా జారిపోతాడు, అప్పుడు ఆ బిషప్ ఇవ్వకండి, ఏనుగుని జి6కి మార్చి జి2 మీద ఒత్తిడి పెట్టండి.

ఈ పొజిషన్‌ని, అంటే ఏనుగు ఏ6కి వచ్చిన చోటుని, లిచెస్ స్టడీలో (మన నోట్సు పేజీ లాంటిది) సేవ్ చేసుకుని కంప్యూటర్ మీద అక్కడి నుంచే ఓ పదిసార్లు ఆడండి.